గేజీ చూపించని బలం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది కాబట్టి మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. మామూలుగా ఈ వేదిక మీద డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల సంగతులు మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు ఫోను చేసి, "అన్నా, ఇంజనీరింగు చదివే మనవళ్ళు మనవరాళ్ళు కూడా వస్తున్నారు, మీరు చేసిన ఉద్యోగంలోని విషయం ఏదైనా చెప్పండి" అని అడిగారు. నేను ఇంజనీరును కాను. బాయిలర్ల తనిఖీకి సంబంధించిన ఒక సర్కారు కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. నా పనల్లా తనిఖీ అధికారి రాసిచ్చిన అంకెలను రిజిస్టరులోకి ఎక్కించి, సర్టిఫికెట్లు టైపు చేయడం. అయితే ముప్ఫై ఏళ్లకు పైగా అవే అంకెలు కొడుతూ ఉంటే, ఆ అంకె ఎందుకు, దాని వెనక ఏముంది అని తెలుసుకోవాలనిపిస్తుంది కదా. క్యాంపులకు వెళ్ళినప్పుడు ఫైళ్ళ సంచి పక్కన పెట్టి ఫిట్టర్లను అడిగి తెలుసుకున్నవీ, తీరిక దొరికాక పుస్తకాలు చూసి సరిచూసుకున్నవీ ఈవేళ మనవి చేస్తాను.

మన వయసులో ఒత్తిడి అనగానే అందరికీ బి.పి. గుర్తొస్తుంది. డాక్టరుగారు దానికి రెండు అంకెలు రాస్తారు. నేను చెప్పబోయే యంత్రానికి కూడా రెండు అంకెలు ఉంటాయి. దాని పేరు హీట్ ఎక్స్‌చేంజరు. తెలుగు పుస్తకాల్లో ఉష్ణ వినిమాయకం అంటారు గాని, ఆ మాట పలికే ఫిట్టరును నేనింతవరకు చూడలేదు. షెల్లు, ట్యూబులు అంటారు. ఒక పెద్ద ఇనుప పీపా, దాని లోపల ఈ చివర నుంచి ఆ చివరకు వందల గొట్టాలు. గొట్టాల్లో ఒక ద్రవం పోతుంది, గొట్టాల బయట పీపాలో ఇంకొకటి ఉంటుంది. రెండూ కలవకూడదు, వేడి మాత్రం ఒకదాని నుంచి ఇంకొకదానికి పోవాలి. పీపా రెండు చివర్లా మందమైన పలకలు ఉంటాయి, ట్యూబ్ ప్లేటు అంటారు. జల్లెడ మాదిరి వాటి నిండా బెజ్జాలు. ఒక్కో బెజ్జంలో ఒక్కో గొట్టం కొసను బిగిస్తారు. రెండు ద్రవాలను విడదీసి ఉంచేది గొట్టపు గోడ, ఆ బిగింపు. ఈవేళ నా ప్రసంగం మొత్తం ఆ బిగింపు గురించే.

ఇది మనకు దూరపు విషయమేమీ కాదు. చెరకు రసాన్ని మన పల్లెల్లో గానుగ దగ్గర పెద్ద పెనంలో పోసి, కింద చెరకు పిప్పి మంట పెట్టి కాస్తారు. చిత్తూరు బెల్లం అలా వచ్చిందే. పెనానికి మూత లేదు, ఆవిరి ఆకాశంలోకి పోతుంది, అక్కడ ఒత్తిడి అనే మాటే లేదు. అదే రసం చక్కెర కర్మాగారానికి వెళితే, మొట్టమొదట జ్యూస్ హీటర్లలోకి పోతుంది. జ్యూస్ హీటరంటే నేను చెప్పిన షెల్లు, ట్యూబుల యంత్రమే. గొట్టాల్లో రసం, బయట ఆవిరి. ఆ తర్వాత రసాన్ని చిక్కబరిచే ఎవాపరేటర్ల అడుగున ఉండే కాలండ్రియా కూడా అదే జాతి. చిత్తూరు సహకార చక్కెర కర్మాగారంలోను, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలోని శ్రీ వేంకటేశ్వర సహకార చక్కెర కర్మాగారంలోను పనిచేసినవాళ్ళు, వాటికి చెరకు తోలినవాళ్ళు ఈ సభలో ఎందరో ఉన్నారు. ఆ రెండూ ఇప్పుడు క్రషింగు ఆపేసి ఉన్నాయి. ఎందుకు ఆగాయన్నది వేరే సభకు సరిపడే విషయం, దాని జోలికి ఇప్పుడు పోను.

పాల డెయిరీల్లో అమ్మోనియాను చల్లార్చే కండెన్సర్లు సాధారణంగా ఇలాంటివే. షెల్లులో అమ్మోనియా, గొట్టాల్లో నీళ్ళు. మన ఎండాకాలంలో ఆ అమ్మోనియా ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 14, 15 కిలోల దాకా పోతుంది. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలంలోని ఒక డెయిరీలో అమ్మోనియా లీకై పలువురు మహిళా కార్మికులు ఆసుపత్రి పాలైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దానికి గొట్టం బిగింపే కారణమని నేననడం లేదు. అలాంటి వాయువును ఆపి ఉంచేది కొద్ది మిల్లీమీటర్ల లోహమూ, దాని అతుకులూ అని చెప్పడానికే గుర్తు చేశాను.

ఇక బిగింపు ఎలా చేస్తారో చెబుతాను. చాలా యంత్రాల్లో గొట్టాన్ని పలకకు వెల్డింగు చేయరు. బెజ్జం గొట్టం కంటే వెంట్రుకవాసి పెద్దదిగా ఉంటుంది. గొట్టం కొసను అందులో దూర్చి, లోపలికి ఎక్స్‌పాండరు అనే పనిముట్టు పెడతారు. దానికి మధ్యలో కోసుగా ఉండే ఒక ఇరుసు, చుట్టూ చిన్న రోలర్లు. తిప్పేకొద్దీ ఇరుసు లోపలికి దిగి రోలర్లను బయటికి తోస్తుంది. గొట్టపు గోడ ఉబ్బి బెజ్జానికి అంటుకుంటుంది. ఇంకాస్త తిప్పితే పలక లోహం కూడా కొద్దిగా వెనక్కి జరుగుతుంది. పనిముట్టు తీసేశాక గొట్టం ఉబ్బినది ఉబ్బినట్టే ఉండిపోతుంది, పలక మాత్రం తన పాత చోటికి రావాలని చూస్తుంది. ఆ రావడంలోనే గొట్టాన్ని పిడికిలి పట్టినట్టు పట్టుకుంటుంది. తక్కువ తిప్పితే కారుతుంది. ఎక్కువ తిప్పితే గోడ పలచబడి చిట్లుతుంది. బరువు ఎక్కువ పడే చోట్ల బెజ్జం లోపల రెండు చిన్న గాళ్ళు కొడతారు. ఒక్కొక్కటి మూడు మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు లోతు కూడా ఉండదు. గొట్టపు లోహం ఆ గాళ్ళలోకి దిగి పట్టు పెరుగుతుంది.

నేను గమనించిన ఒక పాత ఫిట్టర్ మేస్త్రీ ఈ పనిలో గట్టివాడు. చదువు లేదు. చేతికి తగిలే బరువును బట్టే ఎక్స్‌పాండరు ఎప్పుడు ఆపాలో తెలిసేది. "గొట్టం నడిమికి పగిలేది తక్కువ సామీ, మెడకాడే వదులైపోతాది" అనేవాడు. గొట్టం పలకలోకి దూరే చోటును ఆయన మెడ అనేవాడు. ఆ మాటకు అర్థం నాకు లెక్క వేసి చూసినప్పుడు తెలిసింది.

ఆ లెక్క చెబుతాను. పిల్లలు కాగితం తీసుకోవచ్చు. 45 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం అనుకోండి, గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటరు, పొడవు 4 మీటర్లు. జ్యూస్ హీటర్లలో ఇటువంటివి మామూలు. గొట్టాల్లో రసాన్ని పంపు తోస్తుంది, ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు అనుకుందాం. బయటి ఆవిరి ఒత్తిడి చాలా తక్కువ, ఒక కిలో లోపు. రసం ఒత్తిడి ట్యూబ్ ప్లేటును బయటికి తోస్తుంది, గొట్టాలు దాన్ని లోపలికి పట్టి ఉంచుతాయి. గొట్టాలు 60 మిల్లీమీటర్ల దూరంలో ముక్కోణపు వరసల్లో ఉంటే, ఒక్కో గొట్టం వాటాకు వచ్చే పలక వైశాల్యం దాని బెజ్జం పోగా సుమారు 17 చదరపు సెంటీమీటర్లు. నాలుగు కిలోలతో గుణిస్తే దాదాపు 70 కిలోలు. ఒక మనిషి బరువన్నమాట. మేస్త్రీ చేసిన బిగింపుకు అదొక లెక్క కాదు.

ఇప్పుడు వేడి సంగతి. ఇక్కడున్న చాలామంది ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూసినవాళ్ళే. పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది వ్యాకోచించినప్పుడు చక్రం మీదికి ఎక్కించి నీళ్ళు పోస్తారు. సుయ్యిమని పొగ వస్తుంది, పట్టా ముడుచుకుంటుంది, చక్రం కొయ్యలన్నీ కటకటమని బిగుసుకుంటాయి. నలుగురు మనుషులు సుత్తులతో కొట్టినా రాని బిగింపు ఒక బిందెడు నీళ్ళతో వస్తుంది. లోహం ముడుచుకునేటప్పుడు, సాగేటప్పుడు చూపించే బలం అంతటిది.

మన హీటరులో గొట్టం ఇత్తడి, షెల్లు ఇనుము. ఒకే వేడికి ఇత్తడి ఇనుము కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగుతుంది. 30 డిగ్రీల దగ్గర బిగించిన యంత్రం, నడిచేటప్పుడు షెల్లు 110 డిగ్రీలకు, గొట్టం సగటున 100 డిగ్రీలకు వస్తాయనుకోండి. నాలుగు మీటర్ల ఇత్తడి గొట్టం 5.3 మిల్లీమీటర్లు సాగాలనుకుంటుంది. షెల్లు 3.8 మిల్లీమీటర్లే సాగుతుంది. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. చూస్తే గోరంత కూడా లేదు. కాని గొట్టం రెండు చివర్లా పలకలకు బిగించి ఉంది, పలకలు షెల్లుకు బిగించి ఉన్నాయి. షెల్లు, పలకలు ఏమాత్రం లొంగకపోతే, ఆ ఒకటిన్నర మిల్లీమీటరును నొక్కిపెట్టడానికి ఒక్కో గొట్టం మీద దాదాపు 800 కిలోల బలం పడాలి. నిజానికి షెల్లు కొంత సాగుతుంది, పలక కొంత వంగుతుంది, కాబట్టి అంత పడదు. సగం పడినా 400 కిలోలు. రసం ఒత్తిడి వల్ల వచ్చింది 70.

గేజీ ముల్లు 4 దగ్గరే ఉంటుంది. గేజీకి ఆ 70 కిలోల సంగతి మాత్రమే తెలుసు. వేడి తేడా వల్ల గొట్టం మెడ మీద పడే నెట్టుడూ గుంజుడూ ఏ గేజీలోనూ కనబడవు. మేస్త్రీ చెప్పిన మాటకు అర్థం ఇది.

ఇంకో సంగతి ఉంది. మేము సర్టిఫికెట్లు ఇచ్చే ముందు జరిగేది హైడ్రాలిక్ పరీక్ష. మన బాయిలరు నిబంధనల ప్రకారం కొత్త బాయిలరును, అది పనిచేయాల్సిన ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీళ్ళతో ఎక్కించి చూస్తారు. గాలితో ఎందుకు చేయరని నేను మొదట్లో అడిగాను. గాలిని అణిచిపెడితే స్ప్రింగులా శక్తి దాచుకుంటుంది, ఏదైనా విరిగితే ముక్కలు తూటాల్లా లేస్తాయి. నీళ్ళు అణగవు, విరిగినా బుస్సుమని కారి ఊరుకుంటుంది. హీటర్లనూ ఇలాగే పరీక్షిస్తారు. రెండు మూతలూ తీసి, షెల్లు నిండా నీళ్ళు పోసి ఒత్తిడి పెంచి, గొట్టాల కొసలన్నీ గుడ్డతో తుడిచి నిలబడతారు. ఏ మెడ దగ్గర చెమట పడితే అది వదులైనట్టు. కొందరు సున్నం పూసి చూసేవాళ్ళు, తడి బాగా కనబడుతుందని.

మంచి పరీక్షే. కాని అది చల్లటి నీళ్ళతో చేసే పరీక్ష. షెల్లూ గొట్టాలూ ఒకే వేడిలో ఉంటాయి. ఒత్తిడి బలం ఒకటిన్నర రెట్లు చూసినట్టు లెక్క గాని, ఒకటిన్నర మిల్లీమీటరు తేడా తెచ్చే బలాన్ని ఒక పావు వంతు కూడా చూసినట్టు కాదు. నేను టైపు చేసిన కాగితంలో ఉండే అంకె నిజమైనదే. ఆ అంకె చల్లని యంత్రానికి సంబంధించింది. వేడెక్కే యంత్రాన్ని కాపాడేది, దాన్ని ఎంత నిదానంగా వేడెక్కిస్తారన్నదీ, ముందు ఏది తెరుస్తారన్నదీ.

దీని మీద ఏం పణంగా ఉంటుందో నేను కళ్ళారా చూశాను. ఒక చక్కెర కర్మాగారం, పేరు చెప్పను, రాయలసీమలోదో కాదో కూడా చెప్పను. సీజను మొదలైన రోజులు. గేటు బయట చెరకు బళ్ళు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. నరికిన చెరకు ఎండలో ఉన్న కొద్దీ బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది, రైతులు గొడవ చేస్తున్నారు. లోపల తొందర పెట్టారు. జ్యూస్ హీటర్లలోకి ముందు రసం పంపి, తరువాత నిదానంగా ఆవిరి తెరవాలి. ఆ రోజు రసం రాకముందే, గొట్టాలు ఖాళీగా ఉండగానే ఆవిరి వాల్వు తెరిచారు. పలచని గొట్టాలు నిమిషాల్లో ఆవిరి వేడికి వచ్చాయి, మందమైన షెల్లు ఇంకా చల్లగానే ఉంది. గొట్టాలన్నీ పలకలను బయటికి నెట్టాయి. అప్పుడు రసం పంపు వేశారు. గోరువెచ్చని రసం తగలగానే గొట్టాలు ముడుచుకుని ఈసారి పలకలను లోపలికి గుంజాయి. బండి చక్రం మీద నీళ్ళు పోసినట్టే. కొన్ని మెడలు వదులయ్యాయి.

బయటికి ఒక్క చుక్క కారలేదు. గేజీలన్నీ సరిగానే ఉన్నాయి. కాని గొట్టంలో ఒత్తిడి 4, బయట ఒక కిలో లోపు. వదులైన మెడ గుండా రసం ఆవిరి పక్కకు పోతుంది. అక్కడ ఆవిరి చల్లారి నీరవుతుంది. ఆ నీటిని పారబోయరు, శుభ్రమైన వేడి నీళ్ళు కాబట్టి తిరిగి బాయిలరుకు పంపుతారు. చక్కెర బాయిలరు నీళ్ళలో చేరితే ఏమవుతుందో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నీళ్ళు నురగెత్తుతాయి, ఆమ్లమవుతాయి, బాయిలరు గొట్టాల లోపల మాడు పట్టుకుంటుంది. మాడు పట్టిన చోట మంట వేడిని నీళ్ళు లాక్కోలేవు, గొట్టం ఎర్రబడి ఉబ్బి పేలుతుంది. జ్యూస్ హీటరు దగ్గర ఉండే ఒత్తిడి నాలుగు కిలోలే. బాయిలరులో ఉండేది దానికి ఎన్నో రెట్లు, దాని ముందు మనుషులు నిలబడి పనిచేస్తుంటారు.

ఆ రోజు కాపాడింది లాబొరేటరీలో పనిచేసే ఒక కుర్రాడు. గంటగంటకూ ఆవిరి నీళ్ళు శాంపిలు తీసి, పరీక్షనాళికలో ఆల్ఫా నాఫ్తాల్ చుక్కలు వేసి, పక్క నుంచి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం జారవిడుస్తారు. చక్కెర జాడ ఉంటే రెండు ద్రవాలు కలిసే చోట ఊదారంగు వలయం కడుతుంది. ఆ కుర్రాడు వలయం చూసి పరుగెత్తుకొచ్చాడు. ఆ నీళ్ళను బాయిలరుకు పోకుండా కాలువలోకి మళ్ళించి, హీటరు ఆపారు. క్రషింగు ఆగింది. బయట బళ్ళ దగ్గర రైతులు వంట చేసుకుని ఆ రాత్రి అక్కడే పడుకున్నారు. మా అధికారితో పాటు వేరే పని మీద అక్కడికి వెళ్ళిన నేను ఆ రాత్రంతా చూశాను. చెరకు ఎండిపోయిన నష్టం రైతుదే, దానికి ఏ రిజిస్టరులోనూ పద్దు లేదు. ఆ సంగతి నాకు ఈ రోజుకీ మింగుడు పడదు.

కారే గొట్టానికి రెండు కొసలా బిరడా కొట్టి నడిపించడం అక్కడి వాడుక. తప్పు లేదు, సీజనులో వేరే దారి లేదు. కాని బిరడా కొట్టిన గొట్టంలో రసం పోదు కాబట్టి అది చల్లబడదు, నేరుగా ఆవిరి వేడికి చేరుకుంటుంది. పక్క గొట్టాల కంటే పది డిగ్రీలు ఎక్కువైనా, నాలుగు మీటర్ల పొడవున ముప్పావు మిల్లీమీటరు అదనంగా నెడుతుంది. అందుకే ఒకచోట బిరడాలు మొదలైతే, ఆ చుట్టుపక్కల గొట్టాలే తరువాత కారడం తరచుగా జరుగుతుంది. సీజను అయిపోగానే వాటిని మార్చాలి. వచ్చే ఏడు చూద్దాం అనే మాట మన ఆఫీసుల్లో ఎంత ప్రమాదమో అక్కడా అంతే.

ఈ చిక్కు తప్పించడానికి ఇంజనీర్లు మంచి ఉపాయాలే కనిపెట్టారు. గొట్టాన్ని హెయిర్‌పిన్నులా వంచి రెండు కొసలూ ఒకే పలకకు బిగించడం, రెండో పలకను షెల్లుకు బిగించకుండా తేలేలా వదిలేయడం, షెల్లుకే హార్మోనియం తిత్తిలా ముడతలు పెట్టి సాగనివ్వడం. ఖర్చు ఎక్కువ, కాబట్టి అవసరమైన చోట వాడతారు.

ఇప్పుడు నాలాంటి గుమాస్తాకు బాగా నచ్చిన ఒక భిన్నం కథ. పెట్రోలు శుద్ధి కర్మాగారాల్లో గొట్టాల్లో ఎక్కువ ఒత్తిడి, షెల్లులో తక్కువ ఒత్తిడి ఉండే యంత్రాలు చాలా ఉంటాయి. ఒక గొట్టం పూర్తిగా విరిగితే ఆ ఎక్కువ ఒత్తిడి షెల్లులోకి దూకుతుంది. షెల్లు తట్టుకుంటుందా? దీనికి అమెరికా పెట్రోలియం సంస్థ పుస్తకంలో చాలాకాలం ఒక సులువైన లెక్క ఉండేది. షెల్లు అంకె గొట్టాల అంకెలో మూడింట రెండు వంతులకు తగ్గకపోతే చాలు, గొట్టం విరగడానికని వేరే రక్షణ అక్కర్లేదని. ఎందుకు మూడింట రెండు? గొట్టాల్లో 30 కిలోలు, షెల్లుకు 20 కిలోలు అనుకోండి. షెల్లును 20కి ఒకటిన్నర రెట్లు, అంటే 30కి పరీక్షించే ఉంటారు. కాబట్టి 30 వచ్చి పడినా అది చూసిన బరువే.

1999లో అమెరికా ఇంజనీర్ల సంఘం తన ప్రెషర్ వెసల్ నిబంధనల్లో పరీక్ష ఒత్తిడిని ఒకటిన్నర రెట్ల నుంచి 1.3 రెట్లకు తగ్గించింది. దాంతో 20 కిలోల షెల్లును 26కే పరీక్షిస్తారు. గొట్టం విరిగితే వచ్చేది 30. పాత భిన్నం కింద నుంచి మెట్టు తీసేసినట్టయింది. అందుకని పదమూడింట పది వంతులు అనే కొత్త భిన్నం వచ్చింది. 30కి 10/13 అంటే 23.1 కిలోలు. దాన్ని 1.3తో గుణిస్తే మళ్ళీ 30. ఒక నిబంధనలో ఒక అంకె మారితే, దాన్ని ఆనుకుని ఇంకో పుస్తకంలో ఉన్న అంకె కూడా మారాలి. పి.ఆర్.సి. జీవోల్లో ఒక పట్టిక సవరించి, దాన్ని ఆధారం చేసుకున్న ఇంకో పట్టికను మరచిపోతే మనం పడిన పాట్లు గుర్తు తెచ్చుకోండి. ఏ కాలంలో, ఏ నిబంధన కింద పరీక్షించిన యంత్రమో చూడకుండా మూడింట రెండు అని లెక్క వేయరాదు.

అంకెలన్నీ సరిగా ఉండి కూడా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. 2008 జూన్ 11న అమెరికాలోని హ్యూస్టన్‌లో, గుడ్‌ఇయర్ వారి సింథటిక్ రబ్బరు కర్మాగారంలో ఒక హీట్ ఎక్స్‌చేంజరు పేలింది. షెల్లులో అమ్మోనియా. ముందు రోజు దాని రక్షణ పలకను మార్చడానికి, షెల్లుకూ సేఫ్టీ వాల్వుకూ మధ్య ఉండే వాల్వు మూశారు. పని అయ్యాక తెరవలేదు. మరుసటి ఉదయం గొట్టాలు శుభ్రం చేయడానికి వాటిలోకి ఆవిరి పంపారు. ఆ వేడికి షెల్లులో బందీ అయిన అమ్మోనియా ఉబ్బింది, పోయే దారి లేదు. ఒక ఉద్యోగిని చనిపోయారు. అందరూ క్షేమమే అనుకున్నారు, గంటల తరువాత గాని శిథిలాల కింద ఆమె దేహం కనబడలేదు. తల లెక్క సరిగా జరగలేదు. హాజరు పట్టీ రాసే గుమాస్తా పనిని చిన్నచూపు చూసేవాళ్ళకు నేను ఈ సంగతి చెబుతుంటాను.

రెండోది వేడి తేడా కథ. 1998 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియాలోని లాంగ్‌ఫర్డ్ గ్యాసు కర్మాగారంలో, వేడి నూనె రావడం ఆగిపోయి ఒక ఎక్స్‌చేంజరు మంచు పట్టేంత చల్లబడింది. అంత చలిలో ఇనుము గాజులా పెళుసవుతుంది. మళ్ళీ నడిపించాలని వేడి నూనె లోపలికి వదిలారు. యంత్రం విరిగిపోయి మంటలు లేచాయి. ఇద్దరు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. మెల్బోర్న్‌తో సహా ఆ రాష్ట్రమంతా దాదాపు రెండు వారాలు గ్యాసు లేక అవస్థ పడింది. ఇందులో ఒత్తిడి హద్దు దాటలేదు. చల్లని లోహానికి వేడి తగిలిన పద్ధతే చంపింది.

మన దేశంలో బాయిలర్లకు చట్టం రావడానికి మూలం 1863లో కలకత్తాలో జరిగిన ఒక బాయిలరు పేలుడు. మరుసటి ఏడు బెంగాలులో చట్టం చేశారు. 1923 నాటి బాయిలర్ల చట్టం కిందనే నా ఉద్యోగమంతా గడిచింది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. ఇక బాయిలర్లు కాని ఒత్తిడి యంత్రాల సంగతి 1948 ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షనులో ఉండేది. సురక్షితమైన ఒత్తిడిని మించకుండా తగిన చర్యలు తీసుకోవాలని దాని సారాంశం. ఒత్తిడి గురించి చట్టాలు శ్రద్ధగానే రాశారు. ముందు రసం, తరువాత ఆవిరి అనే వరస ఏ చట్టంలోనూ దొరకదు. అది ఫ్యాక్టరీ గోడ మీద బోర్డులో ఉండాలి, మేస్త్రీ నోట్లో ఉండాలి, తొందర పెట్టే అధికారికి ఎదురు చెప్పగల ధైర్యం మేస్త్రీకి ఉండాలి. ఇంజనీరింగు చదివే పిల్లలు రేపు అధికారులైతే, ఆ ఎదురుమాటను వినండి అని వేడుకుంటున్నాను.

ప్రసంగం అయ్యాక ఒక సోదరి, మా మిత్రుని శ్రీమతి, ఒక ప్రశ్న అడిగారు. "అన్నయ్యగారూ, మా మిద్దె మీద గాజు గొట్టాల సోలార్ హీటరు ఉంది. దానికి కూడా ఈ మెడల బాధ ఉందా?" అని. మంచి ప్రశ్న, జవాబును ఇక్కడ కూడా రాయమని సంపాదకులు కోరారు.

ఉందమ్మా. ఆ గాజు గొట్టాల కొసలు నీళ్ళ ట్యాంకులోకి రబ్బరు వాషర్లతో బిగించి ఉంటాయి. వెల్డింగూ లేదు, ఎక్స్‌పాండరూ లేదు. మిద్దె మీది సిమెంటు ట్యాంకు కాస్త ఎత్తులో ఉండి నీళ్ళు తమంతట తాము దిగే ఒత్తిడికి మాత్రమే అవి తట్టుకుంటాయి. షవరు జోరుగా రావాలని ప్రెషరు పంపును నేరుగా హీటరుకు తగిలిస్తే రబ్బరు మెడలు వదిలేస్తాయి. పంపు కావాలంటే దానికి తగిన రకం హీటరే వేరే దొరుకుతుంది, అది కొనాలి. ట్యాంకు మీద గాలి పోవడానికి పైకి లేచిన సన్నని పైపు ఉంటుంది, దాన్ని ఉడతలు దూరతాయని గుడ్డ కుక్కి మూయకండి, హ్యూస్టన్‌లో మూసిన వాల్వు అదే. ఊరెళ్ళి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ అయి ఉంటే, మన తిరుపతి మధ్యాహ్నపు ఎండలో ఆ గొట్టాలు నీళ్ళు లేకుండా కాలిపోయి ఉంటాయి. అప్పుడు చల్లని నీళ్ళు వదిలితే గాజు ఫట్టుమంటుంది. సాయంత్రం ఎండ దిగి గొట్టాలు చల్లారిన తరువాత గాని, తెల్లవారుజామున గాని నీళ్ళు వదలండి. రబ్బరు వాషర్లు ఎండకు గట్టిపడతాయి కాబట్టి కొన్నేళ్ళకొకసారి మార్పించాలి, ఒక్కటి కారినా అన్నీ ఒకేసారి మార్పిస్తే మెస్త్రీ కూలి కలిసొస్తుంది.